ముప్ఫై పరదాల రింగులు

నా భార్య పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం వరంగల్ దవాఖానాలో చనిపోయింది. గుండె జబ్బు. తొర్రూరు బస్టాండు వెనక సందులో టార్పాలిన్లకు రింగులు, సంచులకు రివిట్లు వేసే దుకాణం ఆమెదే. షట్టరు మూసి ఉండటం చూసి ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు. "సారూ, అక్క ఎప్పుడు తీస్తది?" అంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం నావల్ల కావడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆమె తండ్రి జనగామలో రేకు పెట్టెలు చేసేవాడు. పెట్టె మూలలకు ఆయన బయట నుంచి రివిట్లు కొడుతుంటే, లోపలి వైపు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవడం చిన్నప్పుడు ఆమె పని. పదో తరగతి అయ్యాక సుత్తి కూడా ఆమె చేతికి వచ్చింది. పెళ్ళయ్యాక నా ఉద్యోగం కోసం తొర్రూరు వచ్చాం. నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. అప్పటికే రేకు పెట్టెలు కొనేవాళ్ళు లేరు. నేను అయ్యో అంటే ఆమె తేలిగ్గా తీసుకుంది. "పెట్టెలు పోతె పోయినయ్. రెండు ముక్కలు కలిపి పట్టి ఉంచే పని ఏడికి పోతది?" అంది. హైదరాబాదు నుంచి ఒక పాత చేతి ప్రెస్సు తెప్పించుకుంది.

ఆ ప్రెస్సును మోకాలెత్తు దుంగకు బిగించింది. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, పక్కన లాగే పిడి. టార్పాలిన్ రింగులో రెండు భాగాలుంటాయి. ఒకదానికి చిన్న మెడ ఉంటుంది. ఆ మెడను గుడ్డకు పెట్టిన రంధ్రంలోంచి దూర్చి, అవతల రెండో భాగం పెట్టి, పిడి లాగాలి. మెడ అంచు పగలకుండా గుండ్రంగా ముడుచుకుని గుడ్డను పట్టుకోవాలి. అంతే పని. ఆ అంతేలోనే ఆమె పాతికేళ్ళు గడిపింది.

రింగులను టీపొడి డబ్బాల్లో పోసి పెట్టేది. డబ్బాల మీద ఏమీ రాసి ఉండేది కాదు. చిటికెన వేలు దూర్చి సైజు చెప్పేది. ఎవరు ఏది తెచ్చినా ముందు ఒకే ప్రశ్న. "దీంతోని ఏం కడ్తవ్?" తాడు ఏ వైపు లాగుతుందో తెలిశాకే రంధ్రం పెట్టేది. భూపాలపల్లి నుంచి బొగ్గు లారీల డ్రైవర్లు పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. "జర గట్టిగ కొట్టు అక్కా" అనేవాళ్ళు.

"గట్టిగ కొడితె రింగు ఉంటది, గుడ్డ ఉండదు. నీకు ఏది కావాలె?" అనేది.

దహనం రోజు దంతాలపల్లి అవతలి తండా నుంచి ఒక ఆటో నిండా మనుషులు వచ్చారు. వీళ్ళెవరని మా బంధువులు అడిగారు. అప్పుడు చెప్పలేకపోయాను.

కొన్నేళ్ళ కింద ఆమెకు కుడి భుజం నొప్పి మొదలైంది. అదే సమయంలో ఆ తండా రైతులు మిర్చి కల్లాల కోసం ముప్ఫై పరదాలకు రింగులు వేయమని చెప్పారు. మా వైపు టార్పాలిన్‌ను పరదా అనే అంటారు. అన్ని పిడి లాగుళ్ళు ఆమె భుజం ఓర్వదని నాకు తెలుసు. రెండడుగుల ఇనుప పైపు తెచ్చి పిడికి తొడిగాను. పిడి ఎంత పొడవైతే బలం అంత తక్కువ చాలు. నేను ఏటా పిల్లలకు చెప్పే పాఠమే.

ఆమె ఒక రింగు వేసి చూసింది.

"తేలిగ్గుంది సారూ. బలం ఎక్కువ పడుతలేదు గద?"

"పడదు. లెక్క ఉంది."

ఆమె నా మాట నమ్మింది. నాలుగు రోజుల్లో ముప్ఫై పరదాలు తండాకు వెళ్ళిపోయాయి.

ఆరో రోజు ఉదయం దుకాణంలో మిగిలిన ఒక ముక్క మీది రింగును ఆమె తుడుస్తుంటే బొటనవేలు తెగింది. రక్తం తుడుచుకుని రింగును వెలుతురుకు పట్టి చూసింది. మెడ అంచు నాలుగు చోట్ల పగిలి, కొసలు గుడ్డలోకి దిగి ఉన్నాయి. పిడి నేరుగా పట్టుకున్నప్పుడు ఎక్కడ ఆపాలో ఆమె చేతికి తెలిసేది. పైపు పట్టుకుంటే తెలియలేదు.

బయటికి వెళ్ళి ఆకాశం చూసింది. "మొగులైంది. ఆటో పిలువు" అంది.

ప్రెస్సును దుంగ నుంచి విప్పే సమయం లేదు. తండ్రి సుత్తి, ఇనుప దిమ్మె, చేతి అచ్చు, రంధ్రం కొట్టే పోగరు, పట్టకారు, పెద్ద సైజు రింగుల డబ్బా సంచిలో వేసుకుంది. నేను కాలేజీకి సెలవు పెట్టాను.

తండాలో అందరి తరఫునా పరదాల పని అప్పజెప్పింది ఒక రైతు మహిళ. మా ఆమె ఆవిడను చెల్లె అని పిలిచేది. మేము వెళ్ళేసరికి ఆవిడ కల్లంలోనే ఉంది.

"గింత దూరం ఎందుకొచ్చినవ్ అక్కా?"

"రింగులు చూస్త చెల్లె."

"మంచిగనే ఉన్నయ్ గద. ఎట్ల మెరుస్తున్నయ్ చూడు."

మా ఆమె ఒక మూల రింగుకు తాడు కట్టి, పరదా అంచును కాలితో తొక్కిపట్టి, ఒక్క లాగు లాగింది. రింగు గుడ్డముక్కతో సహా ఊడి చేతిలోకి వచ్చింది.

ఆ చెల్లె కుప్పల వైపు చూసింది. తర్వాత ఆకాశం వైపు చూసింది. "ఏడాది పంట ఇదే అక్కా. బండి ఎల్లుండి వస్తనన్నది. తడిస్తె బూజు పడ్తది, ఎవ్వడు కొనడు."

"తప్పు నాది. వాన కంటె ముందు చేస్త."

"పైపు పెట్టింది నేను" అన్నాను. ఏం పైపో, ఎందుకో చెప్పాను.

ఆ చెల్లె నా వైపు తిరిగింది. "సారూ, నువ్వు కాలేజిల ఏం చెప్తవ్?"

"తక్కువ బలంతోని ఎక్కువ పని ఎట్ల చెయ్యాల్నో చెప్తడు" అంది మా ఆమె సంచి విప్పుతూ. "చేసిండు గద. ముప్ఫై పరదాలు ఒక్కసారి ఖరాబు చేసిండు."

ఆ రోజు కాయ ఉన్న కల్లాలు తొమ్మిది. మిగతా పరదాలు ఇళ్ళల్లో మడతపెట్టి ఉన్నాయి, వాటికి తొందర లేదు. తొమ్మిదింటికైనా అన్ని రింగులూ మార్చడం కుదరదు. ముందు గాలి వచ్చే వైపు మూలలు, తర్వాత మిగతా రెండు మూలలు అని ఆమె తేల్చింది. పాత రింగును పట్టకారుతో తీసి, చిరిగిన చోట రెండు మడతల గుడ్డ వేసి, పెద్ద రింగు పెట్టేది. కింద దిమ్మె నేను పట్టాను. సుత్తితో మూడు దెబ్బలు. నాలుగోది ఒక్కసారి కూడా వేయలేదు.

"కదిలిస్తున్నవ్ సారూ."

"లేదు."

"నా సుత్తికి తెలుస్తది. దిమ్మె పట్టెటోడు ఊపిరి కూడా సూసుకోని తీస్కోవాలె."

దెబ్బ పడే ముందు ఊపిరి బిగబట్టడం ఆ రోజు నేర్చుకున్నాను. అప్పటిదాకా నేను ఆమె పనిని పక్కన కూర్చుని చూసినవాణ్ణే తప్ప, అందులో చెయ్యి పెట్టినవాణ్ణి కాను. భుజం నొప్పి ఉందని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ప్రతి మూలకూ ఒకే కొలత, ఒకే ఓపిక. తప్పు నాదని నలుగురిలో ఒప్పుకున్నాను గానీ, దాన్ని సరిచేసే నేర్పు ఆమె దగ్గరే ఉంది. తర్వాత ఆ పైపును ఆమె పారేయలేదు. వెనక తలుపుకు అడ్డంగా పెట్టుకుంది. నన్ను దెప్పడానికి కాదు, దానికి అది సరిపోయింది. ఆనాటి నుంచి రోజూ మొదటి రింగును పాత గుడ్డ మీద వేసి, చింపి చూశాకే పని మొదలుపెట్టేది. పాతికేళ్ళ చెయ్యి తనది. అయినా రోజూ పరీక్ష పెట్టుకునేది.

సాయంత్రానికి ఎనిమిది కల్లాలు అయ్యాయి. తొమ్మిదోది ఆ చెల్లెది. తనది చివర చేయమని ఆవిడే చెప్పింది. రెండు మూలలు అయ్యేసరికి పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. గాలికి రింగుల్లేని వైపు పరదా లేచి కొట్టుకుంది.

మా ఆమె సుత్తి సంచిలో పెట్టేసింది. "ఇగ కొట్టుడు కాదు. కూసుందాం" అంది.

వెళ్ళి ఆ అంచుకు ఒక మూల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. రెండో మూల మీద నేను కూర్చున్నాను. మధ్యలో ఆ చెల్లె, ఆవిడ అత్త. వాన దంచికొట్టింది. గాలి వచ్చినప్పుడల్లా మా కింద పరదా ఉబ్బేది. అంచును రెండు చేతులతో అదిమి పట్టుకునేవాళ్ళం.

"అక్కా, నీకు జరమొస్తది" అని అరిచింది చెల్లె.

"వస్తె సారు ఉన్నడు. దానికి గూడ ఒక పైపు పెడ్తడు."

ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అరగంటకు వాన సన్నబడింది. ముందు ముసలమ్మ లేచింది, తర్వాత మేము. మా ఆమె మాత్రం లేవలేదు. ఒంగి, పరదా కింద భుజం దాకా చెయ్యి దూర్చి, కుప్ప అడుగు నుంచి ఒక కాయ తీసింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. తర్వాత దాన్ని తడవకుండా అరచేతిలో దాచి, నా వైపు చెయ్యి చాపి, నా చెవి దగ్గర ఊపింది. ఎండుకాయ లోపల గింజలు గలగలమన్నాయి. ఆమె జుట్టులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.