అనాస తొక్కల నీళ్లు

మా ఆయన తాగుడు మానేసిన ఏడాదే నాకు పొట్ట ఆరోగ్యం పిచ్చి పట్టింది. ఏళ్ల తరబడి మందు పోసిన కడుపు కదా, దాన్ని మళ్లీ దారికి తేవాలని నా తాపత్రయం. పులిసిన అంబలి, మజ్జిగ మా పాలకుర్తి ఇళ్లలో ఎప్పుడూ ఉండేవే. అవి చాలవన్నట్టు, ఫోన్లో ఎవరో ఒకావిడ చెప్పగా విని, అనాస తొక్కలు, బెల్లం, అల్లం నీళ్లలో వేసి గాజు సీసాకు మూత బిగించాను. కడుపుకు మేలు చేసే సూక్ష్మజీవులు అందులో కుప్పలు తెప్పలుగా పుడతాయట. ఎక్కువ పులిస్తే ఎక్కువ మేలనుకుని, ఆవిడ చెప్పినదానికన్నా ఇంకొన్నాళ్లు ఉంచాను. అసలే ఎండాకాలం.

ఒక మధ్యాహ్నం ఆయన చేనులో పత్తికట్టె పీకి వచ్చాడు. గ్లాసు నిండా పోసి ఇచ్చి, నేను బట్టలు ఆరేయడానికి వాకిట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి గోడకు జారగిలబడి ఉన్నాడు. ముఖం, మెడ, కళ్లు ఎర్రగా కందిపోయాయి. గుండె కొట్టుకోవడం అంగీ మీంచే కనిపిస్తోంది. దగ్గరికి వంగితే నోట్లోంచి వాసన. ఆ వాసన నాకు తెలియనిదా?

తాగుడు మానడానికి ఆయన రోజూ వేసుకునే గోలీ గురించి జనగామ డాక్టరు ముందే హెచ్చరించాడు, దాని మీద కాస్త మందు పడినా ప్రాణం మీదికి వస్తుందని. మనిషి పోతాడేమోనన్న భయం ఒకవైపు. మళ్లీ మొదలుపెట్టాడన్న భయం ఇంకోవైపు. అంతకుముందు గేటు చప్పుడైతే చాలు, మా పిల్లలు పుస్తకాలు మూసేసి నిద్ర నటించేవాళ్లు. ఆ రోజులు మళ్లీ వస్తే నేను తట్టుకోలేను.

"తాగినవా? నిజం చెప్పు, తాగినవా?" అని భుజాలు పట్టి ఊపేశాను.

"లేదే... పిల్లల మీద ఒట్టు," అన్నాడు. అంటూనే వాంతి చేసుకున్నాడు.

ఒట్లు వినీ వినీ విసిగిన చెవులు నావి. నమ్మలేదు. మా అత్తమ్మ నెత్తి కొట్టుకుంటూ పోయి ఆటో పిలుచుకొచ్చింది. జనగామ దాకా ఆయన తల నా ఒళ్లోనే ఉంది. నోటితో తిడుతూనే ఉన్నాను, మనసులో కనిపించిన దేవుడికల్లా మొక్కుతూనే ఉన్నాను. ఊపిరి ఆగినట్టు అనిపించినప్పుడల్లా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఆటో మెల్లగా పోతోందని డ్రైవరు మీద కూడా అరిచాను.

దవాఖానలో డాక్టరు కూడా అదే ప్రశ్న అడిగాడు. మా ఆయన అదే జవాబిచ్చాడు. సెలైన్ ఎక్కించి, మనిషి కాస్త తేరుకున్నాక డాక్టరు నా వైపు తిరిగి, పొద్దుటి నుంచి ఏమేం తిన్నాడు, ఏమేం తాగాడు అని అడిగాడు. ఒక్కొక్కటీ చెప్పాను. అనాస తొక్కల దగ్గరికి వచ్చేసరికి రాస్తున్న డాక్టరు తలెత్తాడు.

"బెల్లం నీళ్లు గింత ఎండల గన్ని రోజులు పులిస్తే ఏమైతదమ్మా? అండ్ల మందు తయారైతది. మామూలోళ్లకు పెద్దగ ఏం కాదు గని, ఈయనకు మాత్రం ఇయ్యొద్దు."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మనిషి బతికాడు. పైగా తాగలేదు! అత్తమ్మ కొరకొరా చూస్తున్నా నాకు పట్టలేదు. మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఉత్తగనే నిన్ను అన్ని మాటలన్న. నీ తప్పేం లేదు," అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అత్తమ్మ మంచినీళ్ల కోసం బయటికి పోయేదాకా ఆగాడు. తర్వాత నా ముఖం చూడకుండా మెల్లగా అన్నాడు.

"మొదటి గుక్కకే సమజైంది నాకు, అదేందో. గ్లాసు కింద పెడదామనుకున్న. చెయ్యి దిగలే. నువ్వు బయటున్నవు గద... సీసల మిగిలింది గూడ తాగిన."