సీసా వెనక ఊరి పేరు

మా మేనత్త భర్త, నేను మావయ్యగారని పిలిచే మనిషి, పది రోజుల కిందట పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి గోడకి ఆనుకున్నవారు మళ్లీ లేవలేదట. అత్తయ్య ఫోను చేసేసరికి నేను రాజోలులో నా ఫ్లెక్సీల షాపులో ఉన్నాను.

మలికిపురం వైపు వైన్‌షాపులకి వెళ్లే అలవాటున్నవాళ్లు ఆయన్ని చూసే ఉంటారు. కౌంటర్లో కూర్చుని, ఎవరు బీరు అడిగినా సీసాని వెనక్కి తిప్పి పెట్టేవారు, తయారైన ఊరు రాసిన సన్నక్షరాలు కొనేవాళ్లకి కనపడేలా. ఈ బీరు మన ఆంధ్రాదని ఒకరు, కాదు తెలంగాణాదని ఒకరు ఆ షాపు ముందు రోజూ తగువులాడుకునేవారు. మావయ్యగారు ఎవరి పక్షమూ వహించేవారు కాదు. "పేరు ముందేస్తారండి, ఊరు వెనకేస్తారు. వెనక చదవండి" అనేవారు. దాంతో తగువు తీరేదని కాదు. ఆయన మాత్రం జన్మలో చుక్క ముట్టలేదు.

ఈ చాదస్తం ఎక్కడిదని ఒకసారి అడిగాను. వెనకటికి కొబ్బరి వ్యాపారంలో ఉండగా, సరుకు చాలక, పై రాష్ట్రం కాయని మన కాయలో కలిపి ఉత్తరాదికి లారీ ఎక్కించారట. అక్కడి షావుకారు పల్లెత్తు మాట అనలేదు. మళ్లీ సరుకూ అడగలేదు. "తిట్టుంటే మర్చిపోయేవోణ్ణిరా అబ్బాయ్" అన్నారు.

కిందటి వేసవిలో కోనసీమ పేరుతోనే ఒక బీరొచ్చింది. సీసా మీద కొబ్బరిచెట్టు, పడవ. మనదేనని జనం ఎగబడ్డారు. అది ఎక్కడో జిల్లాలు దాటి తయారైందని వెనక రాసే ఉంది. షాపు యజమాని నా చేత 'మన కోనసీమలో పుట్టిన బీరు' అని ఫ్లెక్సీ వేయించి లోపలి గోడకి కట్టించారు. ఆ సాయంత్రమే మావయ్యగారు ఆటో ఎక్కి నా దగ్గరికి వచ్చారు.

"'పుట్టిన' అన్న ముక్కొక్కటీ తీసెయ్‌రా. పేరంటావా, ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకుంటారు."

ఆర్డరిచ్చింది వాళ్లు, నేనేం చేస్తానండి అన్నాను. ఆయన సరేనన్నట్టు 'ఆయ్' అన్నారు. మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆ బీరు అడిగిన ప్రతివాళ్లకీ ఇది ఇక్కడిది కాదని చెప్పి మరీ ఇచ్చేవారు. మన పేరున్నది మనది కాదంటావా అని ఒకడు మావయ్యగారి చొక్కా పట్టుకున్నాడు. యజమాని ఆయన్ని కౌంటరు నుంచి తీసేసి, వెనక గదిలో పెట్టెలు సర్దే పనిలో వేశారు. అరవై దాటిన మనిషి, నడుం పట్టుకుని ఇంటికొచ్చేవారట. ఒక్క ముక్క, పది నిమిషాల పని. నేను చెయ్యలేదు. ఆ సంగతి ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలనే ఇదంతా రాస్తున్నాను.

మా ఇళ్లల్లో ఎవరు పోయినా సెంటర్లో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ నేనే వేస్తాను. ఆయన ఫొటో పెట్టి, కింద 'కోనసీమలో పుట్టి, కోనసీమలోనే కన్నుమూసిన' అని టైపు చేసి, ప్రింటుకి ముందు అత్తయ్యకి ఫోన్లో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చదివింది.

"మీ మావయ్య పుట్టింది తుని అవతల పల్లెలో కదరా. పెళ్లయ్యేకే కదా ఇక్కడికొచ్చేరు. నీకు తెలీదా?"

తెలుసు. ఇల్లరికం అల్లుడని పెళ్లిళ్లలో అందరూ ఆయన్ని ఆటపట్టిస్తుంటే వింటూ పెరిగినవాణ్ణే. నలభై ఏళ్లు మా మధ్య బతికిన మనిషిని పూర్తిగా మావాణ్ణి చేసేసుకోవాలనిపించింది, అంతే. బీరు కొన్నవాళ్లకి అనిపించినదీ అదే కాబోలు. అత్తయ్య కళ్లు తుడుచుకుని, ఆ ఊరి పేరే రాయి, కనపడేలా రాయి అంది.

ఆ ఊరిని ఆయన పేరుకంటే కాస్త పెద్ద అక్షరాల్లోనే వేశాను. కట్టించి, ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడ్డాను. కొబ్బరికాయలు ఒలిచే పెద్దాయన ఒకరు ఆగి, తలెత్తి చదివి, నా వైపు తిరిగారు.

"ఈయన ఇక్కడోరు కాదాండి? ఇన్నాళ్లూ మనోరే అనుకున్నాం."

కాదండి అన్నాను.

ఆయ్ అని తలూపి, ఆ పెద్దాయన కాళ్ల చెప్పులు పక్కన విడిచి, ఎండలో నిలబడి, ఆ ఊరి పేరు కూడబలుక్కుంటూ మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టారు.