గాలి తెచ్చిచ్చిన గిన్నెలు

మునగాలలో సుగుణమ్మ ఇంటి రేకులను సుడిగాలి లేపుకుపోయింది. ఆమె, భర్త మత్తయ్య మంచం కిందికి దూరి బతికారు. అటక మీది స్టీలు గిన్నెలు మాత్రం వీధంతా పరుచుకున్నాయి. ఏరిపెడదామని వచ్చిన ఆడవాళ్లు వాటిపై చెక్కిన పేర్లు చదివారు. ఒక్కదాని మీదా సుగుణమ్మ పేరు లేదు. కూర పెట్టి పంపిన గిన్నెను తిరిగిచ్చే అలవాటు ఆమెకు లేదు, పాపం.

“ఇయ్యాల్నే తెచ్చిద్దామనుకున్ననే, కాటమ్మక్కా!”

“నీకంటే ముందు గాలి తెచ్చింది తియ్. నీ రేకులు పోయినయని ఏడ్వాల్నా, నా గిన్నె దొరికిందని నవ్వాల్నా?” అంది పక్కింటి కాటమ్మ.

పొయ్యి కూలింది. ఈ ముఖానికి ఇక అన్నమెవరు పెడతారని కుమిలిపోయింది సుగుణమ్మ. పొద్దుగూకేసరికి ఇంటింటి నుంచీ అన్నం, పప్పు వచ్చాయి. పచ్చిపులుసుతో సహా అన్నీ ప్లాస్టిక్ కవర్లలోనే.