బొట్టు పెట్టిన దుర్బీన్

అందరూ బాగున్నారా? మక్తల్ దగ్గర ఊర్లో ఉన్న మా చెల్లె బాలమణీ, నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? మరిది దగ్గు తగ్గిందా... దవాఖానకు పోయాడా, కషాయంతోనే నెట్టుకొస్తున్నాడా? ఇది చదివే మిగతా వాళ్లు ఎండలో తిరగకండి, నీళ్లు తాగండి. నాకు బీపీ ఉంది, ఫికర్ ఉంది. రెండూ తగ్గలేదు.

మా చిన్నప్పుడు... ఎండాకాలం వాకిట్లో నీళ్లు చల్లి, నులక మంచాలు వాల్చి, బువ్వ తినగానే ఒరిగేవాళ్లం. బాపు ఉత్తరం దిక్కు వేలు చూపించేవాడు. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం... వెనక వరుసగా ఉన్న మూడూ ఆ మంచాన్ని ఎత్తుకపోయే దొంగలు.

"నడిమి దొంగ సంకల పిల్ల ఉన్నది. కనబడ్తుందా?" అనేవాడు.

ఆ దొంగను ఆనుకుని సన్నటి చుక్క ఒకటి ఉంటుంది. పెండ్లిలో అరుంధతి అని చూపిస్తారే, అదే. బాలమణి కండ్లు మూసుకునే "ఆఁ, కనబడ్తుంది" అనేది. "ఏ పక్కనే?" అని అడిగితే దొరికిపోయేది...

ఇప్పుడు కల్వకుర్తిలో కొడుకు శీను దగ్గర ఉంటున్నాను. మిద్దె ఎక్కినా వీధిలైట్ల వెలుగే. మంచమూ లేదు, దొంగలూ లేరు. నా మనుమరాలు మానస ఎనిమిదో తరగతి. ఈ ముచ్చట చెప్పిన నాటి నుంచి దొంగ సంకలోని పిల్లను చూడాలని ఒకటే పోరు. పోయిన నెల శీను ఫోన్లో చూసి ఒక దుర్బీన్ తెప్పించాడు.

ఆ డబ్బా గుర్తొస్తే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. పైన రంగురంగుల గ్రహాల బొమ్మలు. వందల రెట్లు పెద్దగా కనిపిస్తుందని ఈ చివర నుంచి ఆ చివర దాకా రాతలు. లోపల జొన్న సొప్పలాంటి మూడు కాళ్లు, పిల్లల ఆటబొమ్మలాంటి గొట్టం.

కొత్త వస్తువు ఇంటికొస్తే మా కోడలు సుజాత ఊరుకోదు. బండికి పెట్టింది, ఫ్రిజ్‌కు పెట్టింది. దీనికీ పసుపు రాసి, ఊదుబత్తి వెలిగించి, ముందున్న అద్దం మీద నిండుగా తడి కుంకుమ బొట్టు పెట్టింది!

పొద్దుగూకినాక మిద్దె మీద పెట్టి చూస్తే చందమామ మసక మసక.

"అద్దానికి బొట్టు పెడ్తరా ఎవరన్నా? నీ భక్తి పాడుగాను!" శీను లేచాడు.

"బండికి పెట్టలేదా? నడుస్తలేదా? నీ దుర్బీనే సక్కగ లేదు," అంది సుజాత.

ఆమె కొంగుతో అద్దం తుడిచింది. మసక కొంత పోయింది, వణుకు పోలేదు. ముట్టుకుంటే చాలు, చందమామ జాతరలో పూనకం వచ్చినట్టు ఊగుతాడు. బిగిద్దామంటే మర ఊడి చేతికొచ్చింది. మొగుడూ పెండ్లాల లొల్లి అయిపోయేసరికి చందమామ కాస్తా పక్కింటి ట్యాంకు వెనక్కి పోయాడు.

తెల్లారి చూస్తే మానస గొట్టాన్ని సూర్యుడి దిక్కు తిప్పుతోంది! ఉరికిపోయి గొట్టాన్ని పక్కకు తిప్పాను.

"ఏం కాదవ్వా, డబ్బాల నల్లద్దం ఇచ్చిండ్రు. కన్ను పెట్టేకాడ తొడుక్కొని సూర్యున్ని చూడొచ్చట."

ఆ నల్లద్దాన్ని గుంజుకుని కొంగున ముడేసుకున్నాను. బడిలో సైన్స్ చెప్పే టీచరమ్మకు చూపిస్తే ఆమె మొహం పాలిపోయింది. "మంచిపని చేసినవ్ పెద్దమ్మా. వేడికి గిది పటుక్కున పగులుతది. కన్ను పోతది," అంది.

థూ... పసిపిల్లల కండ్లతో బేరం చేసే సరుకు అదొకటి! చెప్తుంటేనే నోరు చేదవుతోంది.

శీను "ఇగ చుక్కల ముచ్చట బంద్" అన్నాడు. మానస ఆ డబ్బాను సజ్జ మీదికి విసిరి, "నాకు ఏ చుక్కలూ వద్దు. నువ్వు గూడ చెప్పకు అవ్వా," అంది. కండ్లు పోలేదు కానీ పిల్ల ఆశ పోయింది.

మళ్లీ టీచరమ్మ దగ్గరికే పోయాను. "రెట్లు చూసి మోసపోవద్దు పెద్దమ్మా. మూతి ఎంత వెడల్పున్నది, కాళ్లు ఎంత గట్టిగున్నయి... గవి చూడాలె. మొదటిసారికి రెండు కండ్లతో చూసే దుర్బీన్ చాలు. చుక్కల తొవ్వ ఎరుకైనంక పెద్దది కొనొచ్చు. ఫోన్ల కాదు, దుకాణంల చేతవట్టి చూసి తెచ్చుకోండ్రి," అంది.

శీనును నాలుగు రోజులు సతాయించాను. చివరికి మానసను వెంటబెట్టుకుని పట్నం పోయాడు. దుకాణం ముందు నిలబడి, దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు చదువుకుంటూ అది తనే ఎంచుకుందట. ఒకటి బరువెక్కువ, చేయి వణికింది. ఇంకొకదాంట్లో ఒక్క బోర్డు రెండుగా కనిపించింది. మూడోది తెచ్చుకుంది. సుజాత బొట్టు పెట్టింది... ఈసారి మెడలో వేసుకునే పట్టీకి!

కానీ ఈ లైట్లలో ఏం చూస్తాం? టీచరమ్మ "చీకటి ఊరికి పోండ్రి, అమాస నాడైతే ఇంక మంచిది," అంది. అమాస పేరెత్తితేనే నాకు దడ. ఆ రోజు ఇంట్లో ఎవరినీ గడప దాటనివ్వను. బతుకంతా అంతే. కానీ సజ్జ మీదికి విసిరిన నాటి పిల్ల మొహం అంతకంటే పెద్ద దడ.

మీ ఇండ్లలో ఆ చుక్కలను ఏమని పిలిచేవాళ్లు? కింద రాయండి, మానసకు చదివి వినిపిస్తాను. మాకు ఉత్త కండ్లతో కనిపించినవాటి కోసం ఇప్పుడు దుర్బీన్ కొని, బస్సెక్కి, చీకటిని వెతుక్కుంటూ పోవాల్సి వస్తోంది...

బాలమణీ, చైత్రం పోయే అమాస నాడు పొద్దున బస్సుకు వస్తున్నాం. బండి చక్రం కింద పెట్టినట్టు బస్సు కింద నిమ్మకాయ పెట్టలేను కాబట్టి నా సంచిలోనే వేసుకొస్తాను. నువ్వు వాకిట్లో లైటు ఆర్పి, నులక మంచాలు వాల్చి పెట్టు. ఈసారి మాత్రం కండ్లు తెరిచి చూసి చెప్పాలి.