పద్దెనిమిది ఒంటెలు తాగిన వంతెన

మేము ఎడారిలో రోడ్డు పని చేసిన కాలంలో, నీళ్లు ఆకాశం నుంచి కూడా పడతాయన్న సంగతి దాదాపు మరిచిపోయాం. రోజుకొక ట్యాంకరు వచ్చేది, అంతే. ఇప్పుడు ఐర్లాండులో, అత్లోన్‌లో, మా బిడ్డ అద్దె ఇంటి కిటికీ దగ్గర కూర్చుంటే నెల రోజులుగా వాన తెరిపివ్వలేదు. (నా వీసా మూడు నెలలు. అందులో ఒక నెల నానడానికే పోయింది.) మొన్న బస్సులో గాల్వే వైపు పోతుంటే దారిలో కొత్త వంతెనకు స్లాబు పోస్తున్నారు. "దీనికి నీళ్లెవరు పడతరు బిడ్డా?" అని అడిగాను. "వానే పడతది అమ్మా, ఇట్స్ గ్రాండ్" అంది, ఏం ఫరవాలేదన్నట్టు. నేను ముఖం తిప్పుకున్నాను. ఏమైందని అది వదల్లేదు. నాకు సంతకం వరకే అక్షరాలు వచ్చు కనుక నేను చెబుతున్నాను, అది టైపు చేస్తోంది. (వాళ్ల నాన్న మాట వచ్చినప్పుడల్లా దాని వేళ్లు ఆగుతున్నాయి. ఆపొద్దన్నాను.)

పాలమూరు నుంచి గుంపుగా రాజస్థాన్ వెళ్లాం. నాకు పంతొమ్మిదేళ్లు, పెళ్లయి ఎనిమిది నెలలు. అక్కడ రెండు పెద్ద రోడ్లు ఒకదాని మీదుగా ఒకటి పోవాలి, ఒకదాని నుంచి ఇంకోదానిలోకి దిగడానికి పక్కన గుండ్రంగా తిరిగే దారులు నాలుగు కట్టాలి. ఇంజినీరు చేతిలోని కాగితం మీద అది చుక్కల ముగ్గులా అందంగా ఉండేది. తలెత్తి చూస్తే మాత్రం ఇసుక నడుమ ఒక వంతెన, దానికి ముందూ రోడ్డు లేదు, వెనకా రోడ్డు లేదు. ఆ ఇంజినీరు గొడుగు లేకుండా అడుగు వేసేవాడు కాదు, అందుకని గొడుగు సారు అనేవాళ్లం. ఆయన మా ఆయన పనితనం చూసి, ఈ స్లాబు మచ్చ లేకుండా వస్తే ఇకనుంచి నువ్వే మేస్త్రివి అన్నాడు. మా రెండు వంశాల్లోనూ తట్ట దించి, వేలు చూపించి పని చెప్పిన మనిషి పుట్టలేదు. ఆ పూట నుంచే మా ఆయన నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడటం సాధన చేశాడు. (మొదట్లో నడుం నొప్పేమో అనుకుని నూనె కాచాను.)

స్లాబు పోశాక పద్నాలుగు రోజులు తడి ఆరకూడదు. పైన సిమెంటు ముద్దతో గట్లు వేసి, వరిమడుల్లాగా నీళ్లు నిలపాలి. ఆరితే బీటలు వస్తాయి. ఆ కాపలా పని నాది. "రెండు కండ్లు దాని మీదనే పెట్టు. నా మేస్త్రితనం నీ చేతుల్లనే ఉన్నది" అని చెప్పి ఆయన కింద కంకర దగ్గరికి పోయాడు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం, వంతెన పక్కన పోసిన మట్టికట్ట ఎక్కి ఒక ముసలామె వచ్చింది. వెనక ఒంటెలు. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. నా గడ్డం పట్టుకుంది. తర్వాత పిల్ల ఒంటె నోరు తెరిచి నాలుక చూపించింది, ఎండిన చెప్పు అట్టలాగా ఉంది. నేను గట్టిదాన్నే అనుకున్నాను అప్పటిదాకా. "ఒక్కటే, ఒక్కటే" అని వేలు చూపించాను. ఒంటెలు నా వేలు చూడలేదు. పద్దెనిమిదీ పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు వరుసగా తలలు వంచాయి. తాగినంతవరకైతే ఏదో సర్దుకునేది, అవి వేసిన ప్రతి అడుగుకూ ఒక గట్టు పోయింది. మిగిలిన నీళ్లు అంచు మీది నుంచి ఇసుకలోకి కారిపోయాయి. నేను కొంగు ఉండ చేసి తెగిన గట్టుకు అడ్డం పెడుతుంటే, వాటిలో పెద్దది వంగి నా నెత్తి మీద తుమ్మింది. ట్యాంకరు మళ్లీ తెల్లవారాకే వచ్చింది. అప్పటికి స్లాబు నిండా బీటలు.

గొడుగు సారు వచ్చి, చూసి, గొడుగు ముడిచాడు. (ఎండలో ఆయన నెత్తి చూడటం మాకు అదే మొదలు.) ఎవరి తప్పు ఇది అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన ముందుకొచ్చి, "నాదే సార్. నేనే రానిచ్చిన" అన్నాడు. సారు తట్ట వైపు వేలు చూపించాడు. పోసిన చేతులతోనే ఆ స్లాబు పగలగొట్టాం. మేస్త్రిగా వేరే ఊరాయన వచ్చాడు. ఆ తర్వాత ఎన్ని వంతెనలు కట్టినా మా ఆయనను మళ్లీ మేస్త్రిని చేస్తానన్నవాడు లేడు. ఊపిరి అందకుండా పోయేదాకా తట్ట మోశాడు.

నా కోసం అబద్ధమాడి బతుకు పోగొట్టుకున్న మనిషి అని పాతికేళ్లు ఆయనను దేవుడిలా చూసుకున్నాను. కోడి వండితే మెత్తటి ముక్క ఆయనకు, మెడ ముక్క నాకు. జగడమొస్తే మొదట తగ్గేది నేనే. ఎండాకాలం ఏ వంతెన మీదుగా బస్సు పోయినా తల దించుకునేదాన్ని.

పోయిన ఏడాది, సిమెంటు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాక, జావ తాగిస్తుంటే మెల్లగా అన్నాడు. "ఆ ముసలవ్వను పైకి పొమ్మన్నది నేనేనే."

"ఏ ముసలవ్వ?"

"ఒంటెల అవ్వ. ముందుగాల నా దగ్గరికే వచ్చింది. ఆ పిల్ల ఒంటెను చూస్తే నేను తాగే నీళ్లు గొంతు దిగలే. పైన నా పెండ్లాం ఉన్నది, ఎల్లగొట్టది, పో అని సైగ జేసిన. నాలుగు వేళ్లు చూపిచ్చింది. నాలుగే తాగుతయనుకున్న."

అంటే సారు ముందు ఆయన ఆడింది అబద్ధం కాదు, పచ్చి నిజం. "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

"చెబ్దామనే అనుకున్న. తప్పు జేసినదాని లెక్క నాతోని మెత్తగ ఉంటివి. అది బాగుండె."

గిన్నె ఠక్కున కింద పెట్టాను. రెండు రోజులు మాట్లాడలేదు. జావ ఇచ్చాను, మందు ఇచ్చాను, పక్క మార్చాను, నోరు మాత్రం విప్పలేదు. "ఏమే, ఒక మాట అను" అని నాలుగైదు సార్లు అడిగాడు. గోడకు తిరిగి కూర్చున్నాను. పాతికేళ్ల మెడ ముక్కలకు జవాబు చెప్పాలి కదా అని లోపల తిట్లు పేర్చుకుంటున్నాను. మూడో రోజు పొద్దున్నే అన్నీ సిద్ధం చేసుకుని మంచం దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆయనకు మాట పడిపోయింది. వినబడుతోంది మాత్రం. అయినా మొదలుపెట్టాను. నా కాపురంలో ఆయన అడ్డం రాకుండా నా మాట విన్నది అప్పుడే. సగంలో నేనే ఆగి కొంగుతో ఆయన మూతి తుడిచాను. కానియ్యి అన్నట్టు రెండు వేళ్లు కదిలించాడు. సాయంత్రానికి అవి కూడా ఆగిపోయాయి.

ఒక్క మాట అడిగిన మనిషికి రెండు రోజులు గోడ చూపించి ఏం గెలిచావే అని ఇక్కడి బాత్రూము అద్దంలో కనబడే నెత్తి నెరిసినదాన్ని రోజూ అడుగుతాను. అది సిగ్గుపడి కొంచెం నవ్వుతుంది. మిగిలిన సగం తిట్లు దాని దగ్గర ఇంకా అట్లాగే ఉన్నాయి.