సిక్లగు బూడిద

మా వీధి చివర ఉండే మాస్టారు పోయారని మంగళవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. "శనివారం చర్చిలో సభ పెడుతున్నారు అన్నయ్యగారూ. గుడికే వెళ్ళని మనిషిని చర్చికి రమ్మని ఎలా అడగను?" అన్నారు. వస్తానన్నాను. వెళ్ళకుండా ఉంటే బాగుండేది.

మాస్టారు ఇక్కడికి దగ్గర్లో ఒక చిన్న కాలేజీలో బైబిలు పాత నిబంధన చెప్పేవారు. పంతొమ్మిది వందల డెబ్బైల చివర ప్రతి వేసవీ విద్యార్థులతో కలిసి ఇజ్రాయెల్ దక్షిణాన ఒక మట్టిదిబ్బ తవ్వడానికి వెళ్ళేవారు. అది సిక్లగు కావచ్చని వాళ్ళ ఆశ. బైబిల్లో అదేమీ పెద్ద ఊరు కాదు. ఇంకా రాజు కాని దావీదుకి ఫిలిష్తీయుల రాజు తలదాచుకోమని ఇచ్చిన ఊరు. అతను లేనప్పుడు అమాలేకీయులు దాన్ని తగలబెట్టి ఆడవాళ్ళనీ పిల్లల్నీ పట్టుకుపోతే, తిరిగివచ్చిన మగవాళ్ళు ఇక ఏడవడానికి ఓపిక లేనంతవరకూ ఏడ్చారట. అది చదివేటప్పుడు మాస్టారి గొంతు ప్రతిసారీ తగ్గిపోయేది. నేను నమ్మినవాణ్ణి కాదు. అయినా జీవితమంతా పుస్తకాల్లో గడిపిన నాకు, ఓడిపోయినవాళ్ళ గురించి అంత పొదుపైన మాట ఎక్కువ చోట్ల కనబడలేదు.

ఒక వేసవి దిబ్బలో జానెడు మందాన బూడిద పొర దొరికింది. ఆయన తెచ్చిన స్లైడు చూసి, అది సిక్లగు కాలిన బూడిదేనని, మా చుట్టుపక్కల అమెరికన్ ఊళ్ళు క్యారీ, రాలీల్లోని తెలుగు క్రైస్తవులు మురిసిపోయారు. సంఘపెద్ద డాక్టరుగారు ఆయన్ని కార్లో ఊరూరా తిప్పి ఆ స్లైడు వేయించారు.

మరుసటి వేసవి అదే గోతిలో, బూడిద కింది నేలలో, ఒక కుండపెంకు బయటపడింది. దావీదు తర్వాత చాలా తరాలకి గాని అలాంటి కుండలు చేయలేదు. పెంకు మంట కింద ఉందంటే, మంట ఇంకా తర్వాతదన్నమాట. మాస్టారు పెంకుని కదపకుండా పక్కన వేలు పెట్టి ఫొటో తీయించి, దాన్నీ స్లైడు చేయించారు. సైజు తెలిసేలా కొలబద్ద పెట్టమని ఎందరు చెప్పినా ఆయన వేలే పెట్టేవారు. తిరిగొచ్చిన ఆదివారమే చర్చి బేస్‌మెంట్‌లో నిలబడి చెప్పేశారు. "తొందరపడ్డాను. మిమ్మల్నీ తొందరపెట్టాను. సిగ్గుగా ఉంది."

"మిగతా పెంకులన్నీ పాతవేగా మాస్టారూ. ఆ ఒక్కదాని సంగతి ఎత్తకపోతే ఏం?" అన్నారు డాక్టరుగారు.

"పొర వయసు చెప్పేది అందులో అన్నిటికన్నా కొత్త పెంకేనండి. పాతవి ఎన్నున్నా లాభం లేదు."

ఆ తర్వాత ఆయన చేత వాక్యం చదివించడం మానేశారు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం వెళ్ళి, వెనక వరసలో కూర్చుని, అయ్యాక కుర్చీలు మడిచి వచ్చేవారు. మా హిందూ మిత్రులేం తక్కువ తినలేదు. ఒక బర్త్‌డే పార్టీలో ఒక ఇంజనీరు ఆయన భుజం తట్టి, "అయితే మాస్టారూ, మీ పుస్తకమంతా కట్టుకథేనన్నమాట" అన్నాడు.

"ఈ మంట అది కాదన్నానండి. ఆ మంట లేదనలేదు" అన్నారాయన, పెరుగన్నం కలుపుకుంటూ.

నిజం చెప్పాల్సివచ్చినప్పుడు ఆయన మొదట తననే తగ్గించుకునేవారు. అది నాకు చేతగానితనంలా కనబడేది.

శనివారం అదే బేస్‌మెంట్‌లో జరిగిన సభలో డాక్టరుగారు లైట్లు ఆర్పించి స్లైడు వేశారు. "దావీదు ఊరు కాలిన బూడిదను లోకానికి చూపించిన సోదరుడు" అన్నారు. నేను లేచాను. "కాదని ఆయనే ఈ హాల్లో చెప్పారు. చెప్పినందుకేగా వెనక వరసలోకి నెట్టారు" అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. డాక్టరుగారి చదువునీ భక్తినీ కూడా ఉతికి ఆరేశాను. నా దగ్గర మాటలకెప్పుడూ కరువు లేదు.

ముందు వరసలోంచి ఆయన భార్య వెనక్కి తిరక్కుండానే అన్నారు. "కూర్చోండి అన్నయ్యగారూ. ఈ ఒక్క పూట ఆయన్ని నాకు వదిలెయ్యండి."

కూర్చున్నాను. నేనన్నదాంట్లో అబద్ధం లేదు. అయినా తలెత్తలేకపోయాను. ఆయన కోసం అన్నవి మొదటి రెండు మాటలే. మిగతావన్నీ నా కోసం.

చాలాసేపటికి తెర వైపు చూశాను. ప్రొజెక్టర్ ఇంకా వెలుగుతూనే ఉంది. డాక్టరుగారు వేసింది మొదటి ఏటి స్లైడు కాదు, రెండోది. తెర నిండా నల్లటి బూడిద. అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. కింద మూలన, గోట్లో మట్టితో మాస్టారి చూపుడు వేలు, ఆ చిన్న పెంకుని చూపిస్తోంది.