వంతెన కింద పేడనీళ్లు

మొన్న మా మన్యం వేట పండుగ, ఇటుకల పండుగ నాడు మా ఆవిడా నేనూ జలాశయం గట్టు వెంట పాత రైలు వంతెన దాకా నడిచాం. మోకాళ్లు వద్దన్నాయి గాని, నాకు అక్కడ తేల్చుకోవలసిన తగువు ఒకటి ఉంది. నా ఈడు వాళ్లయితే అర్థం చేసుకుంటారనే ఇది రాస్తున్నాను.

బడిపంతులు ఉద్యోగంలో చేరడానికి హుకుంపేట నుంచి వచ్చిన ఏడు, ఇదే పండుగ రోజున, తెల్ల చొక్కా వేసుకుని ఇదే గట్టు మీద ఒంటరిగా వచ్చాను. నీళ్లలో కొండలు తలకిందులుగా నిలబడి ఉన్నాయి, రాలిన ఇప్పపూల తీపి వాసన దారంతా వెంట వచ్చింది, ఎత్తయిన వంతెన స్తంభాల మీద ఖనిజం రైలు సాగుతుంటే ఆ అదురు అరికాళ్లకు తగిలింది. అంత సంతోషంగా నేను మరెన్నడూ నడవలేదు.

వేట నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద ఆ పండుగకు ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారని నాకు తెలియక కాదు. కాని నేను వేటకు వెళ్లలేదే. నా భుజాన ఉన్నది గుడ్డ చుట్టిన కొత్త గొడుగు. వంతెన కింద కాపు కాసిన ఆడపిల్లలు దాన్ని తుపాకీ అనుకున్నారట. "ఏటి బావా, కుందేలైనా దొరకనేదా?" అంటూ ముందున్న పిల్ల కుండెడు నీళ్లు నా నెత్తిన కుమ్మరించింది. జేబులోని ఉద్యోగ కాగితం కూడా తడిసింది. దాన్ని పెద్ద పంతులు రెండు వేళ్లతో పట్టుకున్న తీరు నాకింకా గుర్తే. మరుసటి ఏడు ఆ పిల్లనే పెళ్లి చేసుకున్నాను, క్షమించి మాత్రం కాదు. పొరపాటైందని ఒప్పుకోమని ఏటేటా అడుగుతూనే వచ్చాను.

మొన్న వంతెన నీడలో కూర్చున్నాక మా ఆవిడ నిదానంగా చెప్పింది. "అది గొడుగని దూరం నుంచే తెలిసింది. నీ నడక సూసే పోసినాను. ఈ కొండలన్నీ నీయే అన్నట్టు వచ్చినావు."

పొరపాటే కాదని తేలాక నా ఫిర్యాదు రెట్టింపయింది. నవ్వూ ఆగలేదు.

ఇప్పుడు వేటకు వెళ్లేవాళ్లు లేరు, నాటి అడవీ లేదు. ఊరి పిల్ల గుంటలు పండుగ డబ్బుల కోసం దారికి అడ్డంగా తాడు కట్టి బండ్లను ఆపుతున్నారు. తిరుగుదారిలో నేను కావాలనే, ఆనాటిలాగే తెల్ల చొక్కాతో గొడుగు భుజాన వేసుకుని, ఉత్త చేతులు వాళ్లకు కనబడేలా ఊపుకుంటూ వెళ్లాను. పక్కన పేడనీళ్ల బకెట్టు ఉండనే ఉంది. వాళ్లు మర్యాదగా తాడు దించి, "బేగి దాటు తాతా, ఎండగుంది" అన్నారు.

చొక్కా తెల్లగానే ఇల్లు చేరింది. ఇది కూడా నేను మరచిపోను.